భవన భౌతికశాస్త్రం: మదనపల్లె పీఠభూమిలో కట్టడాలు, వాటి శక్తి వినియోగం

కట్టడపు గోడలు, కప్పు, నేల, కిటికీల గుండా వేడి, గాలి, తేమ, వెలుతురు, శబ్దం ఎలా లోపలికి వస్తాయో, ఎలా బయటికి పోతాయో, ఆ రాకపోకల వల్ల లోపల ఉండేవారి సౌఖ్యం ఎంత మారుతుందో, ఆ సౌఖ్యాన్ని నిలబెట్టడానికి ఎంత విద్యుత్తు ఖర్చవుతుందో పరిశీలించే శాస్త్రశాఖ భవన భౌతికశాస్త్రం. ఒక భవనం ఏడాదిలో వాడిన విద్యుత్తును దాని నేల వైశాల్యంతో భాగిస్తే వచ్చే అంకెను, అంటే చదరపు మీటరుకు ఏటా ఎన్ని యూనిట్లు అన్నదాన్ని, శక్తి పనితీరు సూచికగా వ్యవహరిస్తారు. రెండు భవనాలను పోల్చవలసి వచ్చినప్పుడు పరిశోధకులు మొదట చూసేది ఈ అంకెనే. లోపలి వెచ్చదనం బయటికి పోకుండా కాపాడుకోవలసిన చలి దేశాల అవసరం నుంచి ఈ శాస్త్రం చాలా మేరకు ఎదిగింది గనుక, దాని తొలి పట్టికలు ఉష్ణ దేశాలకు ఉన్నవి ఉన్నట్టుగా అక్కరకు రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే రూర్కీలో కేంద్ర భవన పరిశోధన సంస్థ మొదలుకావడం, 1939 నుంచి మైసూరు సంస్థానంలో ప్రధాన వాస్తుశిల్పిగా పనిచేసిన ఆటో కోనిగ్స్‌బర్గర్ తర్వాతి కాలంలో మరికొందరితో కలిసి 1974లో ఉష్ణమండల గృహనిర్మాణంపై పాఠ్యగ్రంథం వెలువరించడం భారతదేశానికి సంబంధించినంతవరకు ఈ శాస్త్ర చరిత్రలో తొలి మెట్లు.

తెలుగునాట ఈ పరిశోధన ప్రధానంగా హైదరాబాదు చుట్టూ సాగింది. అక్కడ కొలిచిన విలువలనూ, అక్కడి అద్దాల భవనాలకోసం రాసిన నిబంధనలనూ పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలకు వర్తింపజేసేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఈ మూడు ఊళ్లకు ప్రకృతి ఇచ్చిన చల్లదనం హైదరాబాదుకు లేదు; ఆ చల్లదనాన్ని ఇంట్లోకి రానివ్వని కప్పులు మాత్రం ఇప్పుడు రెండు చోట్లా ఒకటే.

పీఠభూమి వాతావరణం

మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా ఇంచుమించు అదే ఎత్తులోని ఊళ్లు. పైకి వెళ్లేకొద్దీ గాలి ఉష్ణోగ్రత వెయ్యి మీటర్లకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది కాబట్టి, 160 మీటర్ల ఎత్తునున్న తిరుపతితో పోల్చితే ఘాట్లకు ఎగువనున్న ఈ ప్రాంతం మూడు, నాలుగు డిగ్రీలు చల్లగా ఉండడానికి కేవలం ఎత్తు ఒక్కటే చాలు. అంతకంటే ముఖ్యమైనది రాత్రి. సముద్రపు తేమ దట్టంగా లేని ఆకాశం కింద నేలా కప్పులూ పగలు పీల్చుకున్న వేడిని వికిరణం ద్వారా, అంటే కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో, పైకి వదిలేస్తాయి. అందుకే ఎండాకాలంలో కూడా ఇక్కడ తెల్లవారుజాము చల్లబడుతుంది. పగటికీ రాత్రికీ ఉండే ఈ తేడాయే పీఠభూమి గృహనిర్మాణానికి మూలధనం.

సూర్యుని గమనం రెండో అంశం. మదనపల్లె 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడంతో ఏప్రిల్ చివరి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మూడో వారం ప్రాంతంలోనూ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రెండు తేదీల నడుమ కాలమంతా మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు కాస్త వాలి పడుతుంది. ఫలితంగా వేసవిలో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు, ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కాగుతాయి, కప్పు మాత్రం పొద్దున్నుంచీ పొద్దు గూకేదాకా కాగుతూనే ఉంటుంది. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లే ఎక్కువగా ఉన్న ఊళ్లలో గోడల మీద ఎంత శ్రద్ధ పెట్టినా కప్పును వదిలేస్తే ప్రయోజనం స్వల్పమే.

జాతీయ భవన నియమావళి దేశాన్ని వేడి-పొడి, వేడి-తేమ, సమశీతోష్ణ, శీతల, మిశ్రమ అనే ఐదు వాతావరణ మండలాలుగా విభజించింది. దీని ప్రకారం బెంగళూరు సమశీతోష్ణ మండలంలోకి, చెన్నై వేడి-తేమ మండలంలోకి, హైదరాబాదు మిశ్రమ మండలంలోకి వస్తాయి. మదనపల్లె ప్రాంతం ఈ మూడింటి మధ్య నిలిచిన సంధి భూమి. దేశం మొత్తానికి గీసిన పటంలో ఘాటు పైనున్న ఊరికీ దిగువనున్న ఊరికీ ఉన్న ఎత్తు తేడా సరిగా పట్టుబడదు. నిబంధన ఏ మండలం పేరిట వర్తించినా, ఇల్లు కట్టేవారు బెంగళూరు వైపు చూసి గాలినీ, రాయలసీమ వైపు చూసి కప్పునూ ఆలోచించుకోవడం మేలు.

ఆరోగ్యవరం: గాలి కోసం వెలసిన ప్రాంగణం

ఈ ప్రాంతపు గాలిని వైద్యంగా వాడిన సందర్భం ఒకటి చరిత్రలో నిలిచింది. 1912లో మొదలై 1915 నాటికి పట్టణం వెలుపల ఆరోగ్యవరంలో స్థిరపడిన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంకు డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ తొలి అధిపతి. క్షయకు మందు లేని ఆ రోజుల్లో విశ్రాంతి, పుష్టికరమైన తిండి, ఎడతెగని స్వచ్ఛమైన గాలి, ఈ మూడే చికిత్స. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో మాత్రమే. ఎత్తైన, పొడిగా ఉండే, మరీ వేడెక్కని చోటు కోసం వెతికి మదనపల్లెను ఎంచుకోవడం వెనక ఉన్న తర్కం నేటి పరిభాషలో చెప్పాలంటే భవన భౌతికశాస్త్ర తర్కమే: కిటికీలు ఏడాది పొడవునా తెరిచి ఉంచగలిగిన వాతావరణంలో తప్ప అటువంటి చికిత్స సాగదు.

స్వచ్ఛమైన గాలి రోగిని బాగుచేస్తుందా అన్నది వైద్యులు తేల్చిన విషయం. 1956లో మద్రాసులో మొదలై 1959లో ఫలితాలు వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం మందులు వాడుతూ ఇంట్లోనే ఉన్నవారు కూడా శానిటోరియం రోగులతో సమానంగా కోలుకుంటారని చూపి, శానిటోరియంల యుగానికి తెర దించింది. అయితే గాలి మార్పిడి పక్కవారిని కాపాడుతుందన్న సంగతి మాత్రం ఆ తర్వాతనే గట్టిపడింది. గదిలోని గాలి మొత్తం గంటకు ఎన్నిసార్లు కొత్త గాలితో మారుతుందో చెప్పే అంకె గాలి మార్పిడి రేటు. పెరూ రాజధాని లిమాలోని ఆసుపత్రుల్లో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న 1950కి ముందటి వార్డుల్లో కిటికీలు తెరిచినప్పుడు ఈ రేటు సగటున గంటకు 40 ఉంటే, 1970 తర్వాతి కాలపు కొత్త వార్డుల్లో 17 మాత్రమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సహజ గాలిప్రసారానికి వెలువరించిన మార్గదర్శకాల్లో గాలి ద్వారా సోకే రోగాల గదులకు ఒక్కో రోగికి సెకనుకు 160 లీటర్ల గాలి సగటున అందాలని నిర్దేశించింది. యంత్రాలతో అంత గాలిని అందించడానికి భారీగా విద్యుత్తు కావాలి. ఎదురెదురు కిటికీలున్న గదికి ఏమీ అక్కరలేదు. కొత్తగా కడుతున్న ఆసుపత్రులు కిటికీలు మూసి ఏసీ పెట్టుకోవడాన్ని ఆధునికతగా భావించడం, కనీసం ఈ పీఠభూమిలో, సమర్థనీయం కాదు.

కప్పు

ఈ ప్రాంతపు భవన భౌతికశాస్త్రంలో అత్యధిక భాగం కప్పుకు సంబంధించినదే. రాయలసీమ పాత ఇళ్లలో కంబాల మీద దూలాలు, వాటిపై దంతెలు లేదా రాతి బండలు పరిచి, ఆకూ అలమూ కప్పి, పైన జానెడుకు పైగా మట్టి దిమ్మిస పెట్టి, వానాకాలానికి ముందు చౌడు మన్ను పోసే మట్టి మిద్దెలు ఉండేవి. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ మిద్దెలో గవాక్షి వదిలేవారు. సంపన్నుల ఇళ్లలో ఇటుకలను సున్నంతో నిలువుగా పేర్చిన మద్రాసు టెర్రసు కనిపిస్తుంది. పెంకుటిళ్లు, బోదకొట్టాలు సరేసరి. ఇప్పుడు వీటన్నిటి స్థానంలో నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు వచ్చింది.

వేడి ప్రసారాన్ని కొలిచే ముఖ్యమైన అంకె యూ-విలువ. లోపలి గాలికీ బయటి గాలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి ప్రవహిస్తుందో ఇది చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ కప్పు వేడిని ఎక్కువగా అడ్డుకుంటున్నట్టు. ఏమీ పూయని, ఏమీ పరచని కాంక్రీటు స్లాబుకు ఇది సుమారు మూడున్నర. వట్టి రాతి బండల కప్పుకు నాలుగుకు పైనే ఉంటుంది, ఎందుకంటే గ్రానైటు ఇటుక కంటే మూడు రెట్లకు పైగా సులువుగా వేడిని ప్రసరింపజేస్తుంది. అదే బండల మీద ఇరవై సెంటీమీటర్ల మట్టి వేస్తే విలువ స్థూలంగా రెండుకు దిగుతుంది. నివాస భవనాలకోసం ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో విడుదల చేసిన ఈకో నివాస్ సంహిత మొదటి భాగం కప్పు యూ-విలువ 1.2 మించకూడదని నిర్దేశించింది. అంటే ఊళ్లో నేడు వేస్తున్న మామూలు స్లాబు ఆ పరిమితికి దాదాపు మూడు రెట్ల దూరంలో ఉంది.

యూ-విలువ ఒక్కటే కథంతా చెప్పదు. బరువైన పదార్థం వేడిని వెంటనే దాటనివ్వక కొంత తనలో నిలవచేసుకుంటుంది. బయటి ఉపరితలం అత్యధికంగా కాగిన వేళకూ ఆ వేడి లోపలి ఉపరితలానికి చేరిన వేళకూ నడుమ గల వ్యవధిని కాల విలంబం అంటారు. మందపాటి మట్టి మిద్దెలో ఈ విలంబం ఎనిమిది, పది గంటల దాకా ఉండి మధ్యాహ్నపు వేడి బాగా తగ్గిపోయి అర్ధరాత్రికి లోపలికి చేరుతుంది, అప్పటికి బయట చల్లగాలి ఉంటుంది. పలుచని కాంక్రీటు స్లాబులో అది మూడు, నాలుగు గంటలే. రెండు గంటలకు కాగిన కప్పు ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చునే వేళకు నెత్తి మీద పొయ్యిలా మారుతుంది. ఆరుబయట ఇరవై ఆరు డిగ్రీల హాయి ఉన్నా కప్పు నుంచి వికిరణమయ్యే వేడి వల్ల గదిలో నిద్ర పట్టదు. ఫ్యాను తిప్పేది ఆ కప్పు కింది వేడి గాలినే. ఏసీ కొనే నిర్ణయాలు ఎక్కువగా తీసుకునేది ఈ వేళలోనే.

దీనికి విరుగుడు చాలా చవకైనది. నిర్మలమైన మధ్యాహ్నం ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు వెయ్యి వాట్ల సౌరశక్తి పడుతుంది. వయసుమళ్లిన బూడిదరంగు కాంక్రీటు అందులో సుమారు 700 వాట్లను పీల్చుకుంటుంది. తాజాగా వేసిన తెల్ల సున్నం 250 వాట్ల లోపే పీల్చుకుని మిగతాది తిప్పిపంపుతుంది. ఈ సూత్రాన్ని తెలుగు నేల మీదనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి హైదరాబాదు ప్రాంతంలోని వాణిజ్య భవనాల మీద జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లగా ఉన్న కప్పును తెల్లగా మారిస్తే కప్పు వైశాల్యంలో చదరపు మీటరుకు ఏటా 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అవుతాయని తేలింది. శీతలీకరణ విద్యుత్తులో ఇది మొదటి సందర్భంలో 14 నుంచి 26 శాతం, రెండో సందర్భంలో 10 నుంచి 19 శాతం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని కప్పుల విధానం వెనక ఇటువంటి కొలతల బలం ఉంది: 2028 నాటికి హైదరాబాదులో 200, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచడం దాని లక్ష్యం. హైదరాబాదు లెక్కలు ఏసీ భవనాలవి గనుక మదనపల్లె ఇళ్లకు అవే యూనిట్లు ఆదా కావు. ఏసీ లేని ఇంట్లో అదే ఫలితం యూనిట్లలో గాక సుఖ నిద్రలో కనిపిస్తుంది. సున్నం రెండు వానలకు వెలిసిపోతుంది, దుమ్ము పడితే పరావర్తనం తగ్గుతుంది, ఏటా వేయక తప్పదు. వానాకాలానికి ముందు మిద్దెకు చౌడు పోసే అలవాటు ఉన్న సీమకు ఇది పెద్ద భారమేమీ కాదు.

గోడలు, కిటికీలు, పదార్థాలు

కుప్పం ఆకుపచ్చ గ్రానైటు ఆ ఊరి పేరుతోనే అమ్ముడుపోతుంది. రాతి గోడలు, రాతి కంబాలు ఈ ప్రాంతంలో అడుగడుగునా కనిపిస్తాయి. అడుగున్నర మందమున్న రాతి గోడ యూ-విలువ తొమ్మిది అంగుళాల ఇటుక గోడ కంటే ఎక్కువే అయినా, దాని బరువు వల్ల పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుని రాత్రి కిటికీలు తెరిచినప్పుడు వదిలేస్తుంది. రాత్రి గాలిని లోపలికి రానిచ్చి, ఎండ ముదరకముందే కిటికీలు మూసి, గోడల్లో నిలిచిన చల్లదనాన్ని పగలు వాడుకునే ఈ పద్ధతి పగటికీ రాత్రికీ తేడా బాగా ఉన్న చోటే ఫలిస్తుంది, కోస్తాలో పనికిరాదు. తొట్టికట్టు ఇళ్లలో నడిమధ్య తెరపి ఉండడం, వీధి వైపు వసారా, అరుగు ఉండడం ఎండ గోడను నేరుగా తాకకుండా చేసే ఏర్పాట్లే.

గోడల గుండా, కిటికీల గుండా వచ్చే మొత్తం వేడిని ఒకే అంకెలో చూపడానికి ఈకో నివాస్ సంహిత కట్టడపు ఆచ్ఛాదన ఉష్ణ ప్రసార విలువను నిర్వచించి, చలి మండలం తప్ప మిగతా దేశమంతటా అది చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదంది. తెరుచుకునే కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో సమశీతోష్ణ, మిశ్రమ మండలాల్లో కనీసం ఎనిమిదో వంతు, వేడి-తేమ మండలంలో ఆరో వంతు ఉండాలని కూడా చెప్పింది. పక్కకు జరిపే అద్దపు కిటికీలో సగమే తెరుచుకుంటుందన్న చిన్న విషయం ఇక్కడ పెద్దదవుతుంది.

కట్టడం వాడే శక్తితోపాటు కట్టడానికి పట్టిన శక్తినీ లెక్కించాలన్న వాదానికి బలమైన ఆధారాలు పొరుగునే ఉన్న బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి వచ్చాయి. అక్కడ 1974లో అమూల్య కె.ఎన్. రెడ్డి చొరవతో మొదలైన ఆస్త్ర విభాగం స్థిరీకరించిన మట్టి దిమ్మెల మీద విస్తారంగా పనిచేసింది. బి.వి. వెంకటరామారెడ్డి, కె.ఎస్. జగదీశ్ 2003లో ప్రచురించిన లెక్కల ప్రకారం, చదరపు మీటరు నేల వైశాల్యానికి కాంక్రీటు ఫ్రేము భవనంలో 4.21, కాల్చిన ఇటుక గోడల భవనంలో 2.92, మట్టి-సిమెంటు దిమ్మెల భవనంలో 1.61 గిగాజౌళ్ల శక్తి ఇమిడి ఉంటుంది. ఏసీ వాడని ఇంట్లో కట్టేటప్పుడు ఖర్చయిన శక్తి వాటా సహజంగానే ఎక్కువ. అందువల్ల ఈ పీఠభూమి ఇళ్లకు ఈ అంకెలు హైదరాబాదు కార్యాలయాల కంటే ఎక్కువ వర్తిస్తాయి.

సౌఖ్యం ఎన్ని డిగ్రీల దగ్గర

ఎంత చల్లదనం అవసరమన్నది తేలితే తప్ప ఎంత విద్యుత్తు అవసరమో తేలదు. ఈ ప్రశ్నకు తెలుగునాట వచ్చిన ముఖ్యమైన సమాధానం ఇంద్రగంటి మాధవి పరిశోధన. ఆమె 2008 వేసవి, వానాకాలాల్లో హైదరాబాదులోని ఐదు అపార్టుమెంట్లలో నివాసితులను వారి ఇళ్లలోనే పదేపదే ప్రశ్నించి, అదే సమయంలో గది ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం కొలిచి, వారికి ఎక్కువ వేడీ ఎక్కువ చలీ అనిపించని ఉష్ణోగ్రత సుమారు 29.2 డిగ్రీలని, సౌఖ్య పరిధి 26 నుంచి 32.5 డిగ్రీల దాకా సాగుతుందని తేల్చారు. అప్పటి జాతీయ నియమావళి పరిధి 23 నుంచి 26 డిగ్రీలే. పై అంతస్తులో, నేరుగా కప్పు కింద ఉన్నవారి అవస్థ ఎక్కువన్నది కూడా ఆ పరిశోధనలో వెల్లడైన విషయమే.

అహ్మదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐదు నగరాల్లోని 16 కార్యాలయ భవనాల్లో 6,330 సమాధానాలు సేకరించి 2016లో ప్రచురించిన భారతీయ అనుసరణీయ సౌఖ్య నమూనా ఇదే మార్గంలో ముందుకు సాగింది. దాని ప్రకారం సహజ గాలి భవనంలో హితమైన ఉష్ణోగ్రత రావాలంటే గత ముప్పై రోజుల బయటి సగటును 0.54తో హెచ్చించి 12.83 కలపాలి. ఆ సగటు 28 అనుకుంటే హితమైన ఉష్ణోగ్రత దాదాపు 28 డిగ్రీలు వస్తుంది, దానికి అటూ ఇటూ 2.4 డిగ్రీల మేర తొంభై శాతం మంది సర్దుకుంటారు. ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను తిరిగితే మరో రెండు డిగ్రీలు సహించవచ్చు. కొత్త రకం ఫ్యానుకు పట్టేది ముప్పై వాట్ల చిల్లర, ఒకటిన్నర టన్నుల ఏసీకి పట్టేది వెయ్యికి పైనే. 2020 జనవరి నుంచి దేశంలో అమ్మే గది ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారుకావాలన్న నిబంధన మంచిదే గాని, ఈ కొలతల ముందు అది కూడా అతి జాగ్రత్తే.

నియమావళులు, నమూనా భవనాలు

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2007లో వాణిజ్య భవనాల ఇంధన పొదుపు నియమావళి వచ్చింది, 2017లో సవరణ పొందింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో దీన్ని రాష్ట్రానికి అనువుగా మార్చి, వెయ్యి చదరపు మీటర్ల స్థలం లేదా రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణం దాటిన వాణిజ్య భవనాలకు వర్తింపజేసింది. 2022 సవరణ చట్టం నివాస భవనాలను కూడా పరిధిలోకి తెచ్చింది. ఈ చట్రమంతా పెద్ద భవనాలది; పుంగనూరులో అర్ధ సెంటు అటూ ఇటూ చూసుకుని కట్టే ఇంటిని ఇది తాకదు.

నమూనాగా చెప్పుకునే భవనాలు హైదరాబాదులోనే ఉన్నాయి. 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ-సోహ్రాబ్‌జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం గాలి బురుజులు, జాలీలు, నడిమి తెరపి, కప్పు మీద పచ్చిక వంటి పాత ఉపాయాలను కొత్తగా కూర్చింది. పోచారంలో ఇన్ఫోసిస్ సంస్థ 2011లో కట్టిన భవనం ఇంకా విలువైన ప్రయోగం: రెండు సమాన భాగాల్లో ఒకదాన్ని మామూలు చల్లగాలి పద్ధతిలో, రెండోదాన్ని స్లాబులో చన్నీళ్ల గొట్టాలు పరిచి చల్లబరిస్తే, రెండో భాగానికి 34 శాతం తక్కువ విద్యుత్తు పట్టింది. కాగిన స్లాబు మనిషిని ఎంత బాధిస్తుందో, చల్లబడిన స్లాబు అంత హాయినిస్తుందన్న సూత్రానికి ఇది పెద్ద ఎత్తున జరిగిన నిరూపణ.

కప్పు మీద సౌర పలకలు

2025 జనవరిలో ముఖ్యమంత్రి ఎన్. చంద్రబాబునాయుడు కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇంటింటి కప్పు మీదా సౌర పలకలు అమర్చే ప్రయోగాత్మక పథకాన్ని ప్రారంభించారు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద కేంద్రం ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు కిలోవాట్లకూ ఆపైనా 78,000 రూపాయలు ఇస్తుంది. ఈ పలకలు విద్యుత్తుతోపాటు నీడనూ ఇస్తాయి: శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2011లో ప్రచురించిన అధ్యయనంలో పలకల కింద కప్పులోకి చేరే వేడి 38 శాతం తగ్గింది. కిలోవాట్‌కు పది చదరపు మీటర్ల లోపు స్థలమే కావాలి గనుక మామూలు ఇంటి కప్పులో ఎక్కువ భాగం ఎండకే మిగులుతుంది. ఆ మిగిలిన భాగానికి సున్నం వేయకుండా పలకలు పెట్టి, వచ్చిన విద్యుత్తుతో ఏసీ నడపడం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమే అవుతుంది. సూర్యఘర్ రాయితీ మాత్రం పలకలకే. కప్పుకు వేసే సున్నానికి అందులో ఒక్క రూపాయి కూడా లేదు.